ఫుకుషిమా సీజియం: సముద్రం తేరుకుంది సరే, చెలమ నీటి మాటేమిటి?

కొవ్వాడ కుర్రవాడు:
అందరికీ నమస్కారం. నేను భౌతికశాస్త్రంలో పీజీ చదువుతున్నాను. మాది శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలో కొవ్వాడకు ఆనుకుని ఉన్న మత్స్యకార గ్రామం. ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు అణు రియాక్టర్లను మా తీరాన కట్టాలన్న ప్రతిపాదన ఇక్కడ అందరికీ తెలిసినదే. దాని మంచిచెడ్డల మీద ఇదివరకే ఎంతో చర్చ జరిగింది కనుక మళ్లీ ఆ జోలికి పోవడం లేదు.

నా సందేహం వేరు. వేట నిషేధం రోజుల్లో వలలు బాగుచేసుకుంటూ కూర్చున్న మా తాత మొన్న నన్ను ఒక మాట అడిగాడు. ‘జపాను సముద్రంలోకి ఏదో పోయిందన్నారు కదా, ఇప్పుడక్కడ వేట సాగుతోందా?’ అన్నాడు. సాగుతోందనీ, నీరు దాదాపు మామూలు స్థితికి వచ్చిందనీ చెప్పాను. కానీ 2023 మే నెలలో జపానులోని ఆ ఫుకుషిమా అణు కేంద్రం రేవులో పట్టిన ఒక నల్ల రాతిచేపలో కిలోకు 18,000 బెకరెళ్ల (సెకనుకు ఒక పరమాణువు విచ్ఛిన్నమైతే ఒక బెకరెల్) రేడియోధార్మిక సీజియం దొరికిందని, అది అక్కడి ఆహార పరిమితి 100 బెకరెళ్లకు 180 రెట్లని కూడా చెప్పాను. తాత వలలోంచి తల ఎత్తకుండానే ‘నీరు బాగుంటే చేప ఎందుకు బాగోలేదురా?’ అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. తెలిసినవారు వివరించగలరా?

రణస్థలం మాస్టారు:
బాబూ, సీజియం స్వభావం నుంచి మొదలుపెడదాం. ఆవర్తన పట్టికలో అది సోడియం, పొటాషియంలు ఉన్న నిలువు వరుసలోనిదే. కాబట్టి సముద్రంలో పడిందంటే అధిక భాగం ఉప్పులాగే కరిగిపోయి నీటితోపాటు కదులుతుంది. 2011 మార్చి 11న భూకంపం, సునామీ వచ్చి మూడు రియాక్టర్లు కరిగిపోయిన తరువాత, ఏప్రిల్ మొదటి వారంలో ఆ కేంద్రం నీటి కాలువ దగ్గర సీజియం-137 ఘనమీటరుకు 6 కోట్ల 80 లక్షల బెకరెళ్లకు చేరింది. ప్రమాదానికి ముందు అక్కడి సముద్రంలో ఉన్నది ఘనమీటరుకు ఒకటి రెండు బెకరెళ్లు మాత్రమే. అది కూడా 1950, 60 దశకాల బాంబు పరీక్షలు మిగిల్చిపోయిన శేషమే. అంతటి గరిష్ఠ స్థాయి ఒక్క నెలలోనే సుమారు వెయ్యోవంతుకు పడిపోయింది. ఇందులో సీజియం నశించినది దాదాపు లేదు, అలలూ ప్రవాహాలూ దానిని పలచన చేశాయంతే.

కానీ ఆ తరువాత తగ్గుదల మందగించింది. పలచబడటమే కారణమైతే సున్నా వైపు సాగిపోవలసిన గీత ఒకచోట చదునైంది. అలా చదునైందంటే ఎక్కడినుంచో కొత్తగా వచ్చి కలుస్తున్నదనే అర్థం. కేంద్రం కింది భూగర్భజలం ఒక దారి, వర్షాలకు అడవుల నుంచి, పొలాల నుంచి మట్టిని మోసుకొచ్చే నదులు మరొక దారి, సముద్రపు అడుగున పేరుకున్న బురద ఇంకొక దారి. మీ తాతగారి చేప ఈ మూడో దారికి దగ్గర్లో బతికింది.

బారువ సరంగు:
నేను ఇరవై ఏళ్లకు పైగా సరుకు ఓడల మీద పనిచేశాను. జపాను తూర్పు తీరాన కురోషియో అనే ప్రవాహం నీటిని తూర్పు దిక్కుగా, అంటే అమెరికా వైపుకు తోసుకుపోతుంది. ఫుకుషిమా నీరు కెనడా పశ్చిమ తీరానికి చేరి కొలతకు అందేసరికి 2015 వచ్చింది. అప్పటికి అక్కడి సముద్రంలో ఘనమీటరుకు 10 బెకరెళ్లకు మించి లేదు. సాధారణ సముద్రపు నీటిలో సహజంగా ఉండే రేడియోధార్మిక పొటాషియం-40 ఒక్కటే ఘనమీటరుకు సుమారు 12,000 బెకరెళ్లు ఉంటుంది. మనది బంగాళాఖాతం. ఆ ప్రవాహం మన వైపు రాదు. పసిఫిక్ అంత పెద్ద సముద్రానికి ఇదొక లెక్క కాదని నా అభిప్రాయం.

నాగావళి మొగ:
సరంగు గారూ, మన్నించాలి. సముద్రం పెద్దదన్న వాదన ఓడ మీద నిలబడి చూసేవారికి చెల్లుతుంది కానీ ఒడ్డున ఉండేవారికి చెల్లదు. మత్స్యకారుడు పసిఫిక్ సగటు మీద వల వేయడు, తన ఊరికి ఎదురుగా పది మైళ్ల లోపల వేస్తాడు. ఆ రేవులోనే 2013లో పట్టిన ఒక చేపలో కిలోకు 7,40,000 బెకరెళ్లు తేలాయి. తీరం నుంచి బాగా ఎడంగా వెళ్లినవారికి ఏమీ దొరకలేదన్నదీ నిజమే, రేవులో అది దొరికిందన్నదీ నిజమే. సగటు తీసి రెండోదాన్ని కనుమరుగు చేయడమే నాకు నచ్చని పని.

రణస్థలం మాస్టారు:
మీ ఇద్దరి మాటలకూ పొత్తు కుదురుతుంది. చేప లెక్క చెబుతాను. శరీరం సీజియాన్ని పొటాషియం అనుకుని కండలో నిలుపుకుంటుంది. అయితే సముద్రపు చేప నిత్యం ఉప్పునీరు తాగుతూ అదనపు లవణాలను బయటికి పంపుతూనే ఉంటుంది కాబట్టి, శుభ్రమైన నీటిలోకి, శుభ్రమైన తిండికి చేరితే కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో తన ఒంట్లోని సీజియంలో సగం వదిలించుకుంటుంది. మంచినీటి చేప తీరు దీనికి విరుద్ధం. దానికి లవణాలు కరువు, అందుకని పట్టుకుంటుంది. ప్రమాదం తరువాత అక్కడి చెరువుల చేపలు, ఏటి చేపలు సముద్రపు చేపల కంటే ఆలస్యంగా తేరుకోవడానికి ఇదొక కారణం.

ఇప్పుడు తాతగారి ప్రశ్నకు వస్తాను. సముద్రపు చేప అంత త్వరగా వదిలించుకోగలదంటే, 2023లో పట్టిన చేపలో ఉన్న సీజియం 2011 నాటిది అయి ఉండదు. అది అప్పటికీ రోజూ తింటూ ఉన్నదన్నమాట. అడుగు బురదలో పురుగులు, వాటిని తినే చిన్న జీవాలు, వాటిని తినే రాతిచేప, ఇదీ వరుస. నల్ల రాతిచేప ఊళ్లు తిరిగే జాతి కాదు, పుట్టిన రాళ్ల సందుల్లోనే ఏళ్లు గడుపుతుంది. మన కవళ్లు, కానాగంతల్లాగా పైనీటిలో గుంపుగా సాగిపోయేవి తొందరగానే శుభ్రపడ్డాయి. మన టేకు, నాలుక చేప లాంటి అడుగు జాతులు వెనకబడ్డాయి. ఆక్టోపస్‌లు, నత్తజాతులు ముందే పరిమితుల కిందికి వచ్చాయి. 2012 జూన్‌లో ఫుకుషిమా మత్స్యకారులు ప్రయోగాత్మకంగా వేట మొదలుపెట్టినది కూడా వాటితోనే.

కొవ్వాడ కుర్రవాడు:
మాస్టారూ, ఇది తాతకు చెప్పాను. ‘అంటే నీరు కాదు, నేల బాగోలేదన్నమాట’ అన్నాడు. ఆయనకు తృప్తిగానే ఉంది, నాకే ఇంకొక సందేహం వచ్చింది. 15 ఏళ్లు గడిచాయి కదా, నేలలో ఉన్నదైనా సగం కరిగిపోయి ఉండదా?

రణస్థలం మాస్టారు:
ఆ ప్రమాదంలో రెండు రకాల సీజియం ఇంచుమించు సమానంగా బయటపడింది. సీజియం-134కు అర్ధాయువు, అంటే సగం నశించడానికి పట్టే కాలం, రెండేళ్ల పైచిలుకు. 15 ఏళ్లలో అది నూటికి ఒకటి కంటే తక్కువకు పడిపోతుంది. సీజియం-137కు అర్ధాయువు 30 ఏళ్లు, కాబట్టి నూటికి 71 వంతులు ఇంకా అలాగే ఉంటుంది. నీ తరం వారు ముసలివాళ్లయ్యేదాకా అది ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఒక్క మాట అదనంగా చెబుతాను: 2011 ఆగస్టులో అమెరికా కాలిఫోర్నియా తీరంలో పట్టిన సూర చేపల్లో ఈ సీజియం-134 దొరకడంతోనే అవి జపాను నుంచి ఈదుకొచ్చినవని తేలింది. పాత బాంబుల నాటి సీజియం-134 ఎప్పుడో నశించిపోయింది కాబట్టి దాని ముద్ర పొరపాటు పడే ముద్ర కాదు. పరిమాణం మాత్రం ఆ చేపలోని సహజ పొటాషియం ముందు చాలా స్వల్పం.

చింతపల్లి ఎండుచేప:
నాది విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలం. మా అమ్మ ముప్పై ఏళ్లుగా సంతల్లో ఎండుచేపలు అమ్ముతోంది. 2023 ఆగస్టు 24న జపాను ఆ అణు కేంద్రంలోని శుద్ధిచేసిన నీటిని సముద్రంలోకి వదలడం మొదలుపెట్టిన తరువాత ఫోన్లలో ఏవేవో వీడియోలు తిరిగాయి. ఏటా మా దగ్గర బుట్టలకు బుట్టలు నెత్తళ్లు కొనే ఒక టోకు వ్యాపారి, ‘ఎండబెడితే విషం నాలుగింతలు అవుతుందట’ అని ఆ నెల సరుకు వెనక్కి పంపేశాడు. వర్షాకాలపు తేమకు ఆ బుట్టల్లో సగం బూజు పట్టింది. అమ్మ వాటిని కోళ్ల మేతకు ఇచ్చేసింది. ఆ నాలుగింతలు అన్న మాటలో నిజం ఎంత?

ఎగుమతి ప్రయోగశాల:
అమ్మా, నేను చేపల ఎగుమతికి సంబంధించిన నాణ్యత పరీక్షల పనిలో ఉన్నాను కాబట్టి ఇది చెప్పగలను. ఆ వ్యాపారి విన్నదానిలో అంకె సరైనదే, అర్థం తప్పు. పచ్చి చేపలో అధిక భాగం నీరు. నాలుగైదు కిలోల పచ్చి చేప ఎండి ఒక కిలో అయినప్పుడు అందులో ఉన్నదేదైనా, అది సీజియం కావచ్చు, పొటాషియం కావచ్చు, మాంసకృత్తులు కావచ్చు, కిలోకు లెక్కిస్తే నాలుగైదు రెట్లు అవుతుంది. మొత్తం మీద ఒక్క రవ్వ కూడా పెరగదు. ఇక మూలంలో లేనిది ఎండబెట్టినంత మాత్రాన పుట్టదు. మీ నెత్తళ్లు బంగాళాఖాతంలో పుట్టి పెరిగినవి. పైగా 2023లో వదలడం మొదలుపెట్టిన నీటిలో ప్రధానంగా మిగిలేది ట్రిటియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్, దాన్ని లీటరుకు 1,500 బెకరెళ్ల లోపుకు పలచన చేసి వదులుతున్నారు. సీజియం దాదాపు అంతా శుద్ధి యంత్రాలలోనే ఆగిపోతుంది. ఈ చర్చలో మాట్లాడుకుంటున్న 2011 నాటి సీజియానికీ దానికీ ముడిపెట్టడమే తప్పు.

నెత్తళ్ల విషయంలో అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది, దాన్ని ఎవరూ అడగరు. సీజియం కండలో ఉంటుంది, స్ట్రాన్షియం-90 అనే మరో రేడియోధార్మిక పదార్థం ఎముకలో ఉంటుంది. వంజరం తినేవారు ముల్లు పారేస్తారు. నెత్తళ్లను ముల్లుతో సహా నమిలి తింటాము. స్ట్రాన్షియం పెద్దమొత్తంలో పోయిన చోట చేప కండను మాత్రమే కొలిచి ఫరవాలేదంటే అది మన తిండికి వర్తించే లెక్క కాదు. ఫుకుషిమా ప్రమాదపు తొలి నెలల్లో సముద్రంలోకి పోయిన స్ట్రాన్షియం సీజియంతో పోలిస్తే చాలా తక్కువ.

చింతపల్లి ఎండుచేప:
అమ్మకు చదివి వినిపించాను. వ్యాపారికి కూడా పంపిస్తానంటోంది.

గులకరాయి:
భూగర్భశాస్త్రం చదివినవాణ్ణి. తాతగారి ‘నేల’ అన్న మాట దగ్గర ఆగుతున్నాను. మాస్టారు చెప్పిన మూడు దారులకు నాలుగోది కలపాలి, అది మన తీరపు వాళ్లు తప్పక తెలుసుకోవలసినది.

2013 నుంచి 2016 వరకు జపాను, అమెరికా పరిశోధకులు ఫుకుషిమా కేంద్రానికి సుమారు 100 కిలోమీటర్ల లోపల ఉన్న ఎనిమిది బీచుల్లో ఇసుకలోకి గొట్టాలు దించి, ఒకటి రెండు మీటర్ల లోతు నుంచి నీరు తోడారు. 2017లో ప్రచురించిన ఫలితాల ప్రకారం అన్నిటికంటే ఎక్కువ సీజియం-137 ఉన్న నీరు అప్పటికి అణు కేంద్రం రేవులో లేదు, ఆ బీచుల ఇసుక కింద ఉంది. గరిష్ఠంగా ఘనమీటరుకు 23,000 బెకరెళ్లు, అంటే లీటరుకు 23. రేవులోని సముద్రపు నీటి కంటే సుమారు పది రెట్లు.

ఇది ఎలా జరిగిందో చూడండి. 2011 వసంతంలో సీజియం నిండిన సముద్రపు నీరు తీరం వెంబడి పారి, అలలతోపాటు ఇసుకలోకి ఇంకింది. ఇసుక రేణువుల మీద ఉండే సన్నని బంకమట్టి, అభ్రకం పొరల అంచులు సీజియాన్ని పట్టుకున్నాయి. కింద ఉన్నది మంచినీరైతే ఆ పట్టు సడలదు. ఉప్పునీరు వచ్చినప్పుడు అందులోని సోడియం, పొటాషియం వచ్చి ఆ చోటు కోసం పోటీపడతాయి, కొంత సీజియం ఊడి నీటిలోకి వస్తుంది. ఆటుకు తగ్గి పోటుకు ఎక్కే సముద్రం రోజూ కొద్దికొద్దిగా దాన్ని వెనక్కి లాగుతోంది. అలా ఏటా సముద్రంలోకి తిరిగి చేరే మొత్తం, కేంద్రం నుంచి ఇంకా కారుతున్నదానితో, నదులు తెస్తున్నదానితో పోల్చదగినంత ఉంది.

ఆ పరిశోధకులు ప్రజలకు ప్రమాదమేమీ లేదని కూడా రాశారు. కారణం: ఆ నీటిని ఎవరూ తాగరు.

నాగావళి మొగ:
అక్కడ ఎవరూ తాగరు. ఇక్కడ?

గులకరాయి:
నేను చెప్పదలచుకున్నది అదే. మనవాళ్లు దానిని చెలమ అంటారు. బీచులో, ఏటి మొగల దగ్గర చేతులతో ఇసుక తవ్వితే ఊరే నీరు. ఉప్పునీటి మీద తేలికైన మంచినీరు పలుచగా నిలుస్తుంది కాబట్టి సముద్రానికి పది అడుగుల దూరంలో కూడా తియ్యని నీరు దొరుకుతుంది. జపానులో తాగునీటికి సీజియం పరిమితి కిలోకు 10 బెకరెళ్లు. ఇసుక కింది గరిష్ఠ స్థాయి దానికి రెట్టింపు దాటింది. ఆ దేశంలో కొళాయి నీరు ఉంది కనుక అది పరిశోధనా వ్యాసంలో ఒక వాక్యంగా మిగిలిపోయింది. మన తీరంలో ఏదైనా అణు కేంద్రానికి అత్యవసర ప్రణాళిక రాసేవారు పాలు, కూరగాయలు, చేపలు అని జాబితా వేస్తారు. చెలమ అన్న మాట వారి జాబితాలో ఉండాలంటే ముందు ఆ మాట వారికి తెలియాలి.

బారువ సరంగు:
ఇది నాకు తెలియని సంగతి. చిన్నప్పుడు బారువ ఒడ్డున మేమూ చెలమ నీరే తాగాము. పలచన అవుతుందన్న నా మాట సముద్రానికి వర్తిస్తుంది కానీ ఒడ్డుకు వర్తించదని ఒప్పుకుంటున్నాను. ఐర్లండు, ఇంగ్లండుల మధ్యనున్న ఐరిష్ సముద్రం గుర్తుకు వస్తోంది. అక్కడి సెల్లాఫీల్డ్ అణు కేంద్రం 1970 దశకంలో పెద్ద మొత్తాల్లో సీజియం వదిలి, తరువాత బాగా తగ్గించింది. ఇప్పుడు అక్కడి నీటికి సీజియం అందించేది ఎక్కువగా అప్పట్లో అడుగు బురదలో చేరినదే.

రణస్థలం మాస్టారు:
బాల్టిక్ సముద్రాన్ని కూడా చెప్పుకోవాలి. 1986 ఏప్రిల్ 26 నాటి చెర్నోబిల్ అణు ప్రమాదపు మేఘం ఎక్కువగా కురిసిన సముద్రం అది. ఇరుకైన జలసంధుల ద్వారానే బయటి నీరు రావాలి కాబట్టి లోపలి నీరు మారడానికి దశాబ్దాలు పడుతుంది. సముద్రం పేరు ఒకటే అయినా పసిఫిక్ ఏరు లాంటిది, బాల్టిక్ చెరువు లాంటిది. మన చంపావతి, నాగావళి, వంశధార మొగలు వేసవిలో ఇసుక మేట వేసి మూసుకుపోయినప్పుడు ఏరు కాస్తా చెరువవుతుంది. ఏ నెలలో జరిగిందన్నదాన్ని బట్టి ఒకే ప్రమాదపు ఫలితం మారిపోతుంది. పైగా మన తీరం వెంబడి ప్రవాహం వేసవి మొదట్లో ఉత్తరానికి, అక్టోబరు, నవంబరుల్లో దక్షిణానికి తిరుగుతుంది.

నాగావళి మొగ:
అయితే కొలవడం ఎవరు? మా స్నేహితుడొకరు ఇంటర్నెట్‌లో రేడియేషన్ కొలిచే చిన్న గైగర్ మీటరు కొని కళింగపట్నం బీచులో పెట్టి చూస్తే టకటకా కొట్టుకుంది. ఫుకుషిమా ఇక్కడికే వచ్చేసిందని వీడియో తీశాడు.

గులకరాయి:
నల్ల ఇసుక చారల మీద పెట్టి ఉంటాడు. భీమునిపట్నం నుంచి కళింగపట్నం, భావనపాడు దాకా ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్‌లతోపాటు మోనజైట్ అనే ఖనిజం ఉంది. మోనజైట్‌లో సహజంగానే రేడియోధార్మికమైన థోరియం ఉంటుంది. అలలు తేలిక ఇసుకను లాక్కుపోయి బరువైన దానిని చారలుగా వదిలేస్తాయి కనుక చార మీద ఎక్కువ, రెండడుగులు పక్కకు జరిపితే తక్కువ కొట్టుకుంటుంది. మా కళాశాల రోజుల్లో ఆ ఆట మేమూ ఆడాము. ఆ మీటరు ఎన్నిసార్లు అన్నది చెబుతుంది, ఎవరు అన్నది చెప్పదు. సీజియం-137 గుర్తు 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణం. థోరియం కుటుంబంలో స్పష్టంగా కనబడేది 2,614 దగ్గర. ఈ తేడా చూడాలంటే గామా స్పెక్ట్రోమీటరు కావాలి.

మన ఇసుకలో గార్నెట్, ఇల్మనైట్ రేణువులకు పొరల నిర్మాణం లేదు కాబట్టి అవి సీజియాన్ని పెద్దగా పట్టుకోవనీ, మొగల దగ్గరి అభ్రకంతో కూడిన ఒండ్రు ఎక్కువ పట్టుకుంటుందనీ నా అంచనా. అందుచేత కొలత అంటూ మొదలుపెడితే బీచు మధ్యలో కంటే మొగ దగ్గర మొదలుపెట్టాలి. అదీ ఇప్పుడే. పాత బాంబు పరీక్షల శేషం మన సముద్రంలోనూ ఉంది. ఈ రోజు ఎంత ఉందో రాసిపెట్టుకోకపోతే, రేపు ఎవరు ఏ అంకె చెప్పినా అది కొత్తదా పాతదా అని తేల్చలేము.

ఎగుమతి ప్రయోగశాల:
చిన్న హెచ్చరిక. సీసాడు నీరు సరిపోదు. ఇంత తక్కువ స్థాయికి పదుల లీటర్లు తీసుకుని, సీజియాన్ని పట్టే ప్రష్యన్ బ్లూ తరహా పదార్థం గుండా పంపి, ఆ పదార్థాన్ని స్పెక్ట్రోమీటరులో గంటల తరబడి ఉంచాలి. ఇసుక అయితే ఎండబెట్టి, జల్లించి, తూచి, డబ్బాలో మూసిపెట్టాలి. ఎక్కడ, ఏ లోతున, ఆటులోనా పోటులోనా తీశారన్నది రాయకపోతే మిగతా శ్రమంతా వృథా అవుతుంది.

కొవ్వాడ కుర్రవాడు:
మా విభాగంలో స్పెక్ట్రోమీటరు ఉంది. ఇసుక నమూనాలకు మా గైడు గారు ఒప్పుకున్నారు.

నిన్న ఉదయం ఆటు వేళ తాత నన్ను వెంటబెట్టుకుని ఒడ్డుకు తీసుకువెళ్లాడు. ఎక్కడ తవ్వాలో ఆయనకు చూడగానే తెలుస్తుంది. పీత గొందులు దాటి, ఇసుక రంగు కాస్త ముదిరిన చోట మోకాళ్ల మీద కూర్చుని మోచేతి లోతు తవ్వాడు. మొదట తడి, తరువాత మబ్బు నీరు, దాన్ని రెండుసార్లు కొబ్బరి చిప్పతో తోడి పారబోశాక తేటనీరు ఊరింది. నాకు ఇచ్చాడు, తియ్యగానే ఉంది. పున్నమి దగ్గరపడింది కనుక పోటు బాగా ఎక్కింది. మధ్యాహ్నం వెళ్లి అదే చెలమలో మళ్లీ చిప్ప ముంచితే నోట పెట్టుకోలేనంత ఉప్పగా మారింది. గులకరాయి గారు చెప్పిన ఇచ్చిపుచ్చుకోవడం ఒక్క పూటలో నాలుకకే తెలిసింది.

మేము ఎన్ని చెలమలు తవ్వాలి, ఎంత దూరానికొకటి అని తాతను అడిగితే, ఊళ్లో ఆడవాళ్లు ఇదివరకు బిందెలు పట్టుకుని వెళ్లిన చోట్లు పదకొండు ఉన్నాయని, వాటిలో నాలుగు ఇప్పుడు కోతకు పోయాయని వేళ్ల మీద లెక్కపెట్టాడు. మిగిలిన ఏడింటినీ వచ్చే అమావాస్య ఆటుకు తవ్వుతున్నాము. మాస్టారూ, ఒక్కొక్క చోట రెండు లోతుల్లో ఇసుక తీస్తే చాలునా, మూడు కావాలా?

రణస్థలం మాస్టారు:
మూడు తియ్యి. పైది, నీరు తగిలిన చోటిది, దాని కింద ఒక జానెడు లోతుది. నేనూ వస్తున్నాను, డబ్బాలు నావి.